ఊరడించే విద్య
(ఖుర్దారోడ్డు తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగిసినది. ఎవరి రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో, రాజపూజ్యమెంతో, అవమానమెంతో విన్నాము. హరికథ మొదలయ్యేలోగా పదిమందికీ పనికివచ్చే విషయమేదైనా చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించినారు. నేను పండితుణ్ణి గాను, వైద్యుణ్ణి అంతకంటే గాను. మెట్రిక్కుతో చదువు చాలించి రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేరినవాణ్ణి. నా బల్ల మీదకు పింఛను కాగితాలూ, కుటుంబ పింఛను కాగితాలూ వస్తూ వుంటవి. కాగితాల వెంట మనుష్యులు కూడా వస్తారు. పేరు వ్రాయడానికి, పుట్టిన తేదీ వ్రాయడానికి, బ్యాంకు ఖాతా నంబరు వ్రాయడానికి కాగితంలో గడులు వున్నవి. వచ్చిన మనిషి కడుపులో వున్న మాట వ్రాయడానికి మాత్రం గడి లేదు. ఆ గడి లేని మాటను గూర్చే ఈ పూట నాలుగు ముక్కలు మనవి చేస్తాను.

నేను మాట్లాడబోయేది మనోవ్యథ చెందినవారిని ఊరడించే విద్యను గూర్చి. ఈ పని వృత్తిగా చేసేవారిని కౌన్సెలరు అంటారు. మునిసిపాలిటీ కౌన్సిలరుగారు వేరు, ఈయన వేరు. ఆయన చెప్పేది మనం వింటాము. మనం చెప్పేది ఈయన వింటాడు. ఈ విద్యకు నేడు పుస్తకాలున్నవి, పరీక్షలున్నవి, పట్టాలున్నవి. వుండవలసినదే. అయితే పట్టా ఒక్కటే చాలదనీ, బాధపడే మనిషి ఏ భాషలో ఏడుస్తాడో, ఏ కథలు వింటూ పెరిగినాడో తెలుసుకొని ఊరడించినప్పుడే మాట మనసుకు అందుతుందనీ ఈ విద్యలో ఆరితేరినవారే చెబుతున్నారు. పరాయి రాష్ట్రంలో తరతరాలుగా కాపురం చేస్తున్న మనకు ఈ సంగతి మిగతావారికంటే ఎక్కువగా పనికివస్తుంది.

ఒళ్ళు బాగులేకపోతే చెప్పుకోవడానికి మనకు సిగ్గులేదు. మోకాళ్ళ నొప్పులను గూర్చి పెళ్ళి పందిట్లో కూడా మాట్లాడుకుంటాము. మనసు బాగులేదని చెప్పడానికి మాత్రం నోరు రాదు. పిచ్చి అంటారేమో, ఆడపిల్ల సంబంధం తప్పిపోతుందేమో, ఆఫీసులో చులకనైపోతామేమో అని భయం. అందుచేత మనసులోని బాధ ఒంటి బాధ వేషం వేసుకొని బయటకు వస్తుంది. తలనొప్పి అంటారు, గుండె దడ అంటారు, అరికాళ్ళ మంటలంటారు, నరాల నీరసం అంటారు. రక్త పరీక్ష చేయిస్తే అంతా సక్రమంగానే వున్నదని కాగితం వస్తుంది. "ఏమీ లేదు, ఇంటికి తీసుకువెళ్ళండి" అంటారు. ఏమీ లేకపోతే ఆ మనిషి రాత్రంతా మంచం మీద కూర్చొని ఎందుకు తెల్లవారుస్తున్నట్లు?

ఈ చిక్కును చక్కగా విప్పిన చోటు ఒకటున్నది. అది మన దేశంలో లేదు. ఆఫ్రికా ఖండంలో జింబాబ్వే అనే దేశమున్నది. దాని రాజధాని హరారే. 2005లో అక్కడి ప్రభుత్వంవారు పట్టణాలలో గుడిసెలూ, చిన్న చిన్న దుకాణాలూ కూలగొట్టించగా లక్షల మంది నిలువనీడనో, బ్రతుకుతెరువునో పోగొట్టుకున్నారు. కోటిమందికి పైగా జనమున్న ఆ దేశంలో మానసిక వైద్యులు వ్రేళ్ళ మీద లెక్కించదగినంతమందే వుండేవారు. వారిలో ఒకరు డాక్టరు డిక్సన్ చిబాండా. ఎంబారే అనే పేదలపేటలో ఆయన పని ప్రారంభించబోతే గది లేదు, నర్సులు లేరు. దొరికినది పద్నాలుగుమంది అవ్వలు. ఇల్లిల్లూ తిరిగి ఆరోగ్యం సంగతులు చెప్పే అవ్వలు వారు. ఇది 2006 నాటి మాట.

వైద్యశాల ఆవరణలో చెట్టు నీడన ఒక బల్ల వేసినారు. మనుష్యులు కూర్చునే మామూలు చెక్కబల్ల. డాక్టరుగారు మొదట దానికి మానసికారోగ్యపు బల్ల అని పేరు పెట్టబోయినారు. అవ్వలు ఒప్పుకోలేదు. ఆ పేరు పెడితే నలుగురు చూస్తుండగా దాని మీద కూర్చునేవారెవరని అడిగి, స్నేహపు బల్ల అనమన్నారు. పేరు మారినది, జనం వచ్చినారు. చూడండి, పెద్ద చదువు చదివిన వైద్యుడికి తట్టని సంగతి, ఆ పేటలోనే పండిపోయిన ముసలమ్మలకు తట్టినది.

ఆ అవ్వలు దిగులు జబ్బును ఇంగ్లీషు పేరుతో పిలవరు. వారి షోనా భాషలో కుఫుంగిసిస అనే మాటున్నది. ఆలోచనలు అతిగా కమ్ముకొనడం అని దాని అర్థం. వచ్చిన మనిషిని ముందు కూర్చోబెడతారు, తన కథ చెప్పుకోనిస్తారు. దానిని వారి భాషలో మనసు తలుపు తీయడం అంటారు. కథంతా విన్న తరువాత అందులో వున్న చిక్కులను ఒక్కొక్కటిగా విడదీసి, "వీటిలో ముందుగా ఏ ముడి విప్పుదాము?" అని ఆ మనిషినే అడుగుతారు. ఒక్క ముడి పట్టుకొని, వచ్చే వారానికి చేయదగిన చిన్న పని ఒకటి నిర్ణయించుకుంటారు. ఇలాగు ఆరు దఫాలు. ఆ తరువాత తనవంటి వారితో కలిసి కూర్చొని సంచులు అల్లుకుంటూ మాట్లాడుకొనే కూటమి ఒకటి వున్నది.

ఇదంతా ముసలమ్మ ముచ్చట అని కొట్టివేయడానికి వీలులేకుండా లెక్క తీసినారు. హరారేలోని 24 ఆరోగ్య కేంద్రాలలో 573 మందిని రెండు వర్గాలుగా చేసి చూచినారు. ఆరు నెలలు గడిచేటప్పటికి, మామూలు వైద్యం పొందినవారిలో దిగులు లక్షణాలు నూటికి 49.9 మందిలో కనిపించగా, అవ్వల దగ్గర కూర్చున్నవారిలో నూటికి 13.7 మందిలోనే కనిపించినవి. ఈ ఫలితం 2016 డిసెంబరులో అమెరికా వైద్య సంఘంవారి పత్రికలో అచ్చయినది. తరువాత ఆ బల్ల మలావికీ, జాంజిబారుకూ వెళ్ళినది. న్యూయార్కు నగరానికి కూడా చేరినది.

ఇందులో మన దేశపు చేయి కూడా వున్నదని తెలిస్తే మీరు సంతోషిస్తారు. డాక్టరు విక్రమ్ పటేల్ 1990 దశకంలో హరారేలో పనిచేసినారు. షోనా భాషవారు తమ మనసు బాధను ఏ మాటలతో చెప్పుకుంటారో అక్కడివారితో కలిసి వెదకి, ఆ మాటలతోనే పద్నాలుగు ప్రశ్నల పట్టిక తయారుచేసినారు. అవ్వలు బల్ల మీద అడిగేది ఆ పట్టికనే. ఆయనే తన సహచరులతో 1996లో గోవాలో సంగత్ అనే సంస్థ స్థాపించినారు. అక్కడ వైద్యపు చదువు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ఊరి ఆరోగ్య కేంద్రాలలో దిగులు పడినవారి దగ్గర కూర్చోబెట్టగా మేలు జరిగినదని 2017లో లండను వైద్య పత్రిక లాన్సెట్‌లో వెలువడినది.

ఇంకా వెనక్కి వెళితే, 1950 దశకంలోనే అమృతసర్ మానసిక వైద్యశాలలో డాక్టరు విద్యాసాగర్ ఒక సాహసం చేసినారు. రోగిని లోపల వదిలి బంధువులు వెళ్ళిపోవడమే ఆనాటి ఆచారం. ఆయన ఆవరణలో డేరాలు వేయించి, బంధువులను రోగి దగ్గరే వుండనిచ్చినారు. మన దేశంలో మనిషి ఒంటరివాడు కాడు, ఇంటివాడు. ఇల్లు లేనిదే వైద్యం సగమేనని ఆయన గ్రహించినారు.

ఇప్పుడు మన ఇళ్ళలోకి వద్దాము. పరదేశం వచ్చిన తెలుగువాడికి బెంగ అనే మాట అర్థం చెప్పనక్కరలేదు. పుట్టింటి మీద బెంగ, ఊరి మీద బెంగ, చనిపోయిన మనిషి మీద బెంగ. పసిపిల్లవాడు అమ్మమ్మ మీద బెంగపెట్టుకొని జ్వరం తెచ్చుకుంటాడు. దిగులు వేరు, గుబులు వేరు, బెంగ వేరు. ఒడియావారు మన ఖరాప్ అంటారు. డాక్టరుగారి చీటీలో ఈ అన్నిటికీ కలిపి ఒకటే పేరు పడవచ్చు. కాని మనిషి తన నోటితో ఏ మాట అన్నాడో, ఆ మాటలోనే అతని కథ మొదలవుతుంది. హార్వర్డు విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్థర్ క్లైన్‌మన్ అనే వైద్యుడు 1978లో, రోగిని అడగవలసిన ప్రశ్నలు కొన్ని వైద్యులకు సూచించినారు. మీ బాధకు మీరే పేరు పెడతారు? ఎందువలన వచ్చినదని అనుకుంటున్నారు? అప్పుడే ఎందుకు మొదలైనది? దీనివలన మీకు అన్నిటికంటే భయమేమిటి? ఇటువంటివే ఆ ప్రశ్నలు. అమెరికా మానసిక వైద్యులు 2013లో వెలువరించిన తమ రోగనిర్ణయ గ్రంథంలో కూడా ఇటువంటి ప్రశ్నలకు చోటిచ్చినారు. ఆలోచిస్తే, ఇవి మన ఇళ్ళలో నాయనమ్మలు అడిగే ప్రశ్నలే.

మన రైల్వే క్వార్టర్లలో జరిగిన ఒక సంగతి చెబుతాను. పేర్లు చెప్పను. పలాస వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ఉద్యోగి తన తల్లిని కూడా వెంట తెచ్చుకున్నాడు. ఆమెకు డెబ్బయి ఏళ్ళు. వచ్చిన మూడవ నెల నుంచి అన్నం సహించదు, నిద్రలేదు, పలకరిస్తే పలకదు. డాక్టరుకు చూపించినారు. ఆయనకు హిందీ, ఒడియా తప్ప రావు. ఆమెకు తెలుగు తప్ప రాదు. నడుమ కొడుకే దుబాసీ. "ఏం బాధగా వున్నదమ్మా?" అని డాక్టరు ప్రశ్న కొడుకు నోట వచ్చినది. "నాకేటి బాధ బాబూ, బాగానే వున్నాను" అన్నది ఆవిడ. రక్తపోటుకు మాత్రలు వ్రాసి పంపినారు.

ఒకనాడు మందస వైపు నుంచి వచ్చిన పొరుగింటి ఇల్లాలు ఒకామె వెళ్ళి, ఆమె పక్కన నేల మీద కూర్చున్నది.

"ఏటత్తా, అన్నం తినడం నేదంట?"

"తినబుద్ధి కాదే అమ్మా."

"ఈ ఏళప్పుడు మీ ఊళ్ళో ఏటి చేసీవోరు?"

"ఈ ఏళకేటి, జీడితోటలోనే కదే. తెల్లారకుండా ఎల్లి పిక్కలేరీవోళ్ళం."

అంతే, మాట కదిలినది. తోటలో ఎన్ని చెట్లున్నవో, ఏ చెట్టు తన పెనిమిటి నాటినదో, ఏ చెట్టు కింద పసిబిడ్డకు ఉయ్యాల కట్టినదో ఒక గంటసేపు చెప్పినది. చివరకు ఏడ్చినది. మనుమడి కాలేజీ ఫీజు కోసం కొడుకు ఆ తోట అమ్మివేసినాడు. తల్లి బాధపడుతుందని ఆమెకు చెప్పలేదు. ఊరినుంచి ఎవరో ఫోనులో చెప్పగా విన్నది. కొడుకు మీద వున్న బాధను కొడుకు నోటితోనే డాక్టరుకు ఎట్లా చెప్పించగలదు? మనలో చాలామంది ఆస్పత్రికి పిల్లలనే దుబాసీలుగా తీసుకువెళతాము. పదేళ్ళ మనుమరాలి చేత అవ్వ బాధ చెప్పిస్తాము. చెప్పవలసిన అసలు మాట ఆ పిల్ల ముందు బయటకు రాదని మనకు తోచదు.

ఆ ఇల్లాలు సలహా ఏమీ ఇవ్వలేదు. కొడుకును తిట్టలేదు, తల్లిని సముదాయించలేదు. వరుసగా నాలుగు సాయంత్రాలు వెళ్ళి విన్నది. నాలుగవ నాడు, "ఇప్పుడు నీ మనసులో ఏటి చెయ్యాలనుందత్తా?" అని అడిగినది. "ఒక్కపాలి ఆ చెట్లు సూసొస్తే సాలే" అన్నది పెద్దావిడ. ఆ మాట కొడుకుకు చేరినది. ఆదివారం నాడు రైలెక్కించి తీసుకువెళ్ళినాడు. చెట్లను తడిమి చూచుకొని, కొన్నవారిని అడిగి ఒడినిండా పిక్కలు తెచ్చుకున్నది. దారిలోనే తల్లీ కొడుకులు తోట సంగతి నోరు విప్పి మాట్లాడుకున్నారట. ఆవిడకు మాత్రలు మానలేదు, తోట తిరిగి రాలేదు. మెల్లమెల్లగా అన్నం మాత్రం సహించినది. హరారే అవ్వలు ఆరు దఫాలలో చేసే పనిని ఈ ఇల్లాలు నాలుగు సాయంత్రాలలో చేసినది. తాను ఒక విద్యను ఉపయోగించానని ఆమెకు తెలియను కూడా తెలియదు.

ఇక కథల సంగతి. కథతో మనసును ఊరడించడం మనకు పరాయివారు నేర్పిన పని కాదు. భారతంలో అరణ్యపర్వం చూడండి. ధర్మరాజు జూదంలో సర్వమూ పోగొట్టుకొని కామ్యకవనంలో వున్నాడు. అర్జునుడు అస్త్రాల కోసం వెళ్ళినాడు; ఎప్పటికి వస్తాడో తెలియదు. భీముడు మాటలతో పొడుస్తున్నాడు. ఆ సమయంలో బృహదశ్వుడనే మహర్షి వస్తాడు. ధర్మరాజు తన కథంతా చెప్పుకొని, నాకంటే దౌర్భాగ్యుడైన రాజు లోకంలో వున్నాడా అని అడుగుతాడు.

మనమైతే ఏమంటాము? "నీవు జూదమాడకుండా వుండవలసినది" అంటాము. లేక "అంతా మంచికే, ధైర్యంగా వుండు" అంటాము. బృహదశ్వుడు ఈ రెండూ అనలేదు. నలుడి కథ చెప్పినాడు. నలుడూ రాజే, జూదంలోనే ఓడినాడు, అడవిపాలైనాడు. అంతేగాక కట్టుకున్న భార్యను నిద్రలో విడిచిపోయినాడు, రూపం పోగొట్టుకున్నాడు, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణ మహారాజు దగ్గర గుఱ్ఱాలు తోలుకున్నాడు. ధర్మరాజు తన ముఖాన్ని తాను చూచుకోలేని స్థితిలో వుంటే, మహర్షి ఇంకొకరి ముఖం అద్దంగా పట్టినాడన్నమాట. నలుడు అడవిలో ఒంటరి. నీకు తమ్ములున్నారు, ద్రౌపది వున్నది, విప్రులున్నారని, మిగిలివున్నదానిని చూపించినాడు. ఆ తరువాత కథతో సరిపెట్టక, పాచికల మర్మమైన అక్షహృదయాన్ని ధర్మరాజుకు నేర్పి మరీ వెళ్ళినాడు. ఏ చోట దెబ్బ తిన్నాడో ఆ చోటనే బలం ఇచ్చినాడు. విరాటుని కొలువులో కంకుభట్టుగా పాచికలాడుతూ ధర్మరాజు అజ్ఞాతవాసం గడిపినాడంటే, ఆ నేర్పు అక్కడ పనికిరాకపోలేదు.

ముందు వినడం, తరువాత ఆ మనిషికి అతికే కథ ఒకటి చెప్పడం, మిగిలిన బలగాన్ని చూపించడం, చివరకు చేయదగిన పని ఒకటి చేతికి ఇవ్వడం: ఇది బృహదశ్వుడు పట్టిన వరుస. ఈ ఉపాఖ్యానం నన్నయగారు తెనిగించిన భాగంలోనిదే. ముందుకు వెళితే, ఎఱ్ఱన తెనిగించిన భాగంలో, ద్రౌపదిని సైంధవుడు ఎత్తుకొనిపోగా విడిపించుకొని వచ్చి కుమిలిపోతున్న ధర్మరాజుకు మార్కండేయుడు రాముని కథ చెబుతాడు, సావిత్రి కథ చెబుతాడు. ఒక్కొక్క గాయానికి ఒక్కొక్క కథ. ఏ కథ ఎవరికి, ఎప్పుడు అన్నదే విద్య.

నలుడి కథలో మరొక రహస్యమున్నది. నలుడు చెడ్డవాడని కథ చెప్పదు. కలి అతన్ని ఆవహించినాడంటుంది. కర్కోటకుని విషానికి లోపల వున్న కలి కాగిపోయి, ఋతుపర్ణుని వలన నలుడికి అక్షవిద్య అబ్బగానే బయటకు వచ్చి తాండ్రచెట్టులో దూరినాడంటుంది. అంటే మనిషి వేరు, మనిషిని పట్టిన పీడ వేరు. ఆస్ట్రేలియాలో మైకేల్ వైట్, న్యూజీలాండులో డేవిడ్ ఎప్‌స్టన్ అనేవారు కథల ద్వారా చికిత్స అనే పద్ధతిని నెలకొల్పి 1990లో పుస్తకం వ్రాసినారు. ఆ పద్ధతికి పునాది ఈ మాటే. పిల్లవాణ్ణి "పిరికివెధవా" అని పిలిస్తే పిరికితనం వాడి పేరైపోతుంది. "ఈ భయం నీ దగ్గరకు ఎప్పుడెప్పుడు వస్తున్నదిరా? ఎప్పుడైనా దాన్ని నీవు వెళ్ళగొట్టినావా?" అని అడిగితే, వాడు వేరు, భయం వేరు అవుతుంది. వాడు గెలిచిన రోజు ఒకటి వాడికే గుర్తుకు వస్తుంది. ఆ రోజునుంచి కొత్త కథ అల్లుకోవచ్చు.

మన తెలుగు వ్యాకరణమే ఇందుకు సాయపడుతుంది. నాకు కోపం వచ్చింది అంటాము. దిగులు పట్టుకుంది అంటాము. భయం వేసింది అంటాము. వచ్చినది పోతుంది, పట్టుకున్నది వదులుతుంది. "నేనే దిగులు" అని తెలుగులో ఎవరూ అనరు. మన పిల్లలకు బళ్ళో ఒడియా, ఇంగ్లీషు వస్తున్నవి, సంతోషమే. ఇంట్లో తెలుగు మాత్రం పలచబడుతున్నది. భాష పోతే పద్యాలు పోతాయని పెద్దలు విచారిస్తారు. నేను అంతకంటే చిన్న విషయానికి విచారిస్తున్నాను. అవ్వ ఏడిస్తే ఎందుకేడుస్తున్నదో మనుమడికి తెలియకుండా పోతుంది. మనుమడు కుమిలిపోతుంటే అవ్వకు అడగడానికి మాట వుండదు.

అయితే కథ రెండంచుల కత్తి. దానితో నోరు విప్పించనూవచ్చు, నోరు మూయించనూవచ్చు. భర్త చేత దెబ్బలు తిని వచ్చిన ఆడకూతురికి "సీతమ్మ పడలేదా కష్టాలు?" అని చెప్పడం ఊరడింపు కాదు, తలుపు మూయడం. ఆమెకు కావలసినది పురాణం కాదు, రక్షణ. గృహహింస నుంచి రక్షణకు 2005లో చట్టం వచ్చినది. 181 నంబరుకు ఫోను చేయవచ్చు. మన సంస్కృతి తెలిసి మాట్లాడడమంటే, మన తప్పులను సంస్కృతి పేరుతో కప్పిపుచ్చడం కాదు.

అదే విధంగా, మాటలతోనే అన్నీ తగ్గుతవని కూడా నేను చెప్పడం లేదు. ఎవరికీ వినపడని మాటలు వినపడుతున్నవారికి, ఉన్నట్టుండి మనిషే మారిపోయినవారికి, తిండీ నిద్రా బొత్తిగా మానివేసినవారికి వైద్యుడు కావలె, మందు కావలె. గాలి సోకిందని కట్టివేసి కూర్చోబెట్టరాదు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6వ తేదీన గొలుసులతో కట్టివుంచిన మానసిక రోగులు 28 మంది నిప్పంటుకొని పారిపోలేక చనిపోయినారు. గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసికారోగ్య చట్టం నిషేధించినది.

ఎవరైనా "నేను బ్రతికి ఏం లాభం" అన్నారనుకోండి. విననట్లు నటించవద్దు. "చనిపోవాలని అనిపిస్తున్నదా?" అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగినందువల్ల లేని తలపు పుట్టదు. వున్న తలపు బయటపడుతుంది. అటువంటి మనిషిని ఒంటరిగా వదలక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ వున్నది. 14416 నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా మాట్లాడవచ్చు. అక్కడ తెలుగు కూడా వున్నది. ఈ నంబరు వంటింటి గోడ మీద, పాలవాడి లెక్క పక్కన వ్రాసిపెట్టుకోవలసినదిగా తల్లులకు నా మనవి.

ఇక నా ప్రతిపాదన. ఈ తీరం వెంట రైలుదారి పడిన నాటినుంచీ మనవారు కొలువుల కోసం ఇటు వస్తూనే వున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురంలోని తెలుగువారు ఇల్లు కదలకుండానే పొరుగు రాష్ట్రంవారైనారు. ఎక్కడ స్థిరపడినా గుడి కట్టుకున్నాము, భజన మందిరం కట్టుకున్నాము, సంఘం పెట్టుకున్నాము. ఇప్పుడు ఒక బల్ల వేసుకుందాము. ఖర్చు పెద్దది కాదు. మన సంఘం వసారాలో, వేపచెట్టు వైపు, ఆదివారం సాయంత్రాలు ఒక బల్ల. దాని మీద వంతులవారీగా పెద్దలు ఇద్దరు. ఒకరు ఆడవారై వుండవలె. బోర్డు మీద జబ్బు పేరేదీ వద్దు. కబుర్ల బల్ల అని వ్రాస్తే చాలును.

ఆ బల్లకు కొన్ని నియమాలు వుండవలె. అక్కడ విన్న మాట అక్కడే వుండవలె. కుళాయి దగ్గరకు, కాంటీనులోకి రాకూడదు. కులమూ, జీతమూ అడగరాదు. కథ పూర్తిగా వినకుండా సలహా ఇవ్వరాదు. ఇది మన రైల్వేవారికి సులభంగా అర్థమవుతుంది: అవతలి స్టేషను నుంచి లైను క్లియరు రానిదే బండి వదలము గదా! ఎదుటి మనసు నుంచి లైను క్లియరు రానిదే మన సలహా బండి కూడా కదలరాదు. పిల్లవాడు ఒడియాలో చెబుతానంటే ఒడియాలోనే విందాము. మనసు ఏ భాషలో విప్పుకుంటే అదే మాతృభాష ఆ పూటకు. మన శక్తికి మించినదని తోస్తే వెంట నడిచి వైద్యుని దగ్గరకు చేర్చవలె. బల్ల మీద కూర్చునేవారికి ముందుగా కొంత శిక్షణ కావలె. కటకంలోనో, భువనేశ్వరంలోనో వున్న మానసిక వైద్యులను ఒకరిని పిలిచి నేర్పించుకోవలె. హరారే అవ్వలు కూడా నేర్చుకొనే కూర్చున్నారు.

శనివారం సాయంత్రాలు పిల్లలను కూర్చోబెట్టి పెద్దలు కథలు చెప్పాలని కూడా కోరుతున్నాను. రాజుల కథలే కానక్కరలేదు. మొదటిసారి ఈ స్టేషనులో ట్రంకుపెట్టెతో దిగినప్పుడు ఎవరు అన్నం పెట్టినారు, కరువునాడు ఊరెట్లా విడిచినారు, తుఫాను రాత్రి క్వార్టరు కప్పు ఎగిరిపోతే ఎక్కడ తలదాచుకున్నారు: ఇవి చెప్పండి. కష్టం వచ్చిననాడు ఆ పిల్లవాడికి, మనవారు ఇంతకంటే పెద్ద గండం గడిచి వచ్చినారన్న కథ ఒకటి చేతిలో వుంటుంది. ఆస్తులు పంచి ఇవ్వగలవారు మనలో కొద్దిమందే. ఈ ఆస్తి అందరమూ ఇవ్వవచ్చు.

ఉగాది పచ్చడిలో చేదు కూడా తినాలని ఏటేటా పిల్లలకు చెబుతాము. ఇంట్లో ఎవరికైనా చేదు తగిలినప్పుడు మాత్రం "మింగెయ్, ఎవరికీ చెప్పకు" అంటాము. ఈ ఏడు ఆ మాట మార్చుదాము. "చేదుగా వుందా? ఇలా వచ్చి కూర్చో. ఏమైందో చెప్పు" అందాము.

కార్యవర్గంవారు ఈ బల్ల సంగతి వచ్చే సమావేశంలో ఆలోచించవలసినదిగా ప్రార్థిస్తున్నాను. బల్ల చేయించే ఖర్చులో నా వంతు ఈ సభలోనే కోశాధికారిగారికి అప్పగిస్తున్నాను. వినడం మీకు బాగా వచ్చునని ఇప్పుడే రుజువైనది; ఆ విద్యను ఇంటికి కూడా తీసుకువెళ్ళండి. ఈ కొత్త సంవత్సరం మీ ఇళ్ళకు ఆరోగ్యాన్నీ, మనశ్శాంతినీ కలిగించుగాక అని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.